చమఖండిలో నేను రాయని కిడ్నీ వార్త

ఆరోగ్యం బీటు అంటే ఆసుపత్రి సూపరింటెండెంటు ఫోన్ నంబరు దగ్గరుంచుకోవడమేనని కొత్తగా వచ్చే విలేకరులు అనుకుంటారు. ఆ నంబరు వల్ల దొరికే వార్తలు రెండే రకాలు. మందులున్నాయని ఆయన చెప్పేది, లేవని రోగులు చెప్పేది. రెండూ రాయాలి, కాదనను. కానీ బీటు అక్కడితో అయిపోతుందనుకుంటే ఆ పని ఎవరైనా చేయగలరు.

ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు దినపత్రికకు పనిచేసి రిటైరయ్యాను. పేపరు శ్రీకాకుళంలో తయారయ్యేది. గంజాం జిల్లాకు లోపల ఒక పేజీ ఇచ్చేవారు. ఆసుపత్రి వరండాలో ఒడియాలో వినడం, డాక్టరు గదిలో ఇంగ్లిషులో వినడం, ఇంటికొచ్చి తెలుగులో రాయడం, ఇదీ రోజువారీ పని. ఈ మూడు భాషల మధ్య జబ్బు పేరు మారిపోకుండా చూసుకోవడమే అందులో అసలు కష్టం. పేరు మారితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జోగారావు గారు నేర్పిన ప్రశ్న

శ్రీకాకుళం డెస్కులో మా పేజీ చూసేది జోగారావు గారు. నాకంటే కొద్దిగా పెద్ద. ఫోనులో ఎప్పుడూ కేకలు వేయలేదు. నిట్టూర్చేవారు, అంతే. ఆ నిట్టూర్పుకే మేమంతా భయపడేవాళ్లం.

చేరిన కొత్తలో విరేచనాలతో ఒక ఊరు మంచం పట్టిందని రాసి పంపితే ఆయన వెనక్కి పంపారు. "ఏ జబ్బో మీరు చెప్పకండి, అది డాక్టరు చెప్తాడు. మొన్న చేసిన ఏ పని ఈ రోజు చెయ్యలేకపోతున్నాడో రోగిని అడగండి. అది మీకు తప్ప ఎవడికీ చెప్పడు" అన్నారు. ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడిపానంటే అతిశయోక్తి కాదు. ఇది నేర్పిన మనిషే తర్వాత నా చేత రాయకూడని వార్త రాయించబోయారు. పై అధికారుల్లో మంచివాళ్లు వేరు, చెడ్డవాళ్లు వేరు అని లెక్కగట్టుకోకండి. ఒకే మనిషిలో ఇద్దరూ ఉంటారు, ఉదయం ఒకరు, పేజీ ప్రింటుకు వదిలే వేళకు ఇంకొకరు.

హోటల్లో ప్రెస్ మీట్

కిడ్నీ సంగతికి ముందు గుండె సంగతి చెప్పాలి.

ఒకసారి ఒక పరీక్షా పరికరాల కంపెనీ బరంపురం హోటల్లో విలేకరుల సమావేశం పెట్టింది. గుండె స్థితిని రక్తంలో చూపించే పరీక్ష మన ఊరికి వచ్చిందన్నారు. మర్నాడు మా పేపరుతో సహా అన్ని పేపర్లలోనూ ఒకటే శీర్షిక. గుండెపోటును ముందే చెప్పే రక్తపరీక్ష అని.

రెండు రోజుల్లో డాక్టర్ పాణిగ్రాహి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన గుండె వైద్యుడు, బరంపురంలోనే పుట్టి పెరిగిన ఒడియా మనిషి. తెలుగు మనలాగే మాట్లాడతారు, కోపం వస్తే మాత్రం ఒడియాలోకి వెళ్లిపోతారు. ఆ రోజు తెలుగులోనే మాట్లాడారు కాబట్టి కోపం తక్కువేననుకున్నాను.

"మూర్తిగారూ, మా వరండాలోకి ఒకసారి రండి. రిటైరైన హెడ్మాస్టర్లందరూ ఇక్కడే ఉన్నారు. పొద్దున్నే నాలుగు మైళ్లు నడిచి వచ్చి, గుండెపోటు ఎప్పుడొస్తుందో చూసి చెప్పమంటున్నారు. నేను జాతకాలు చూడనని మీరే చెప్పండి."

వెళ్లాను. వాళ్లను పంపేశాక ఆయన ఓపిగ్గా చెప్పారు. గుండె అంటే రక్తం తోడే పంపు అనే మనం అనుకుంటాం. అది ఒక గ్రంథి కూడా. దాని గోడల మీద ఒత్తిడి పెరిగి సాగినప్పుడు అదే ఒక హార్మోన్ వదులుతుంది. బి.ఎన్.పి. అంటారు. ఇన్సులిన్ లాగే ఇది కూడా చిన్న ప్రొటీన్ ముక్క. ఇలాంటివాటికి పెప్టైడ్ హార్మోన్లని పేరు. అది రక్తంలో పడి కిడ్నీల దాకా వెళ్లి, ఉప్పూ నీరూ బయటికి పంపించెయ్యండి, నా మీద బరువు తగ్గించండి అని చెబుతుంది. రక్తనాళాలను కూడా కొంచెం వదులు చేస్తుంది. గుండె అలిసిపోయే కొద్దీ ఈ హార్మోన్ ఎక్కువగా వదులుతుంది. ఒక దశ దాటాక ఎంత వదిలినా సరిపోదు.

"అంటే ఆయాసంతో వచ్చిన మనిషికి ఆ ఆయాసం గుండె వల్లా, ఊపిరితిత్తుల వల్లా అని తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. తక్కువ ఉంటే గుండె దాదాపు కాదనుకోవచ్చు. ఎక్కువ ఉంటే గుండె ఫోటో తీసి చూడాలి. ఎందుకంటే ముసలితనంలోనూ పెరుగుతుంది, కిడ్నీ చెడ్డా పెరుగుతుంది. ఇంత చెప్పాను. ఇందులో గుండెపోటును ముందే చెప్పడం ఎక్కడుంది?"

లేదన్నాను. అదంతా రాసి పంపాను. లోపలి పేజీలో అడుగున వేశారు. మొదటి వార్త చదివిన వాళ్లలో ఎంతమంది రెండోది చదివారో నాకు తెలియదు. సవరణ ఎప్పుడూ తప్పు కంటే చిన్న అక్షరాల్లోనే వస్తుంది. ఈ వృత్తిలో మారనిది అదొక్కటే.

నాలుగు కాలమ్‌ల ఖాళీ

సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మన వాళ్లందరికీ తెలుసు. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. కారణం తెలియని జబ్బుకు జనమే కారణం వెతుక్కుంటారు. అక్కడి నీళ్లన్నారు. ఆ మాట గంజాం దాకా వచ్చి, ఆ వైపు పిల్లను చేసుకోవాలంటే వెనకాడే దాకా వెళ్లింది.

ఒక ఉదయం జోగారావు గారు ఫోన్ చేశారు. ఛత్రపురం దగ్గర చమఖండిలో కాళ్లు వాచిన వాళ్లు ముగ్గురున్నారని, కిడ్నీ అంటున్నారని ఎవరో చెప్పారట.

"ఎల్లి చూడండి మూర్తిగారూ. గంజాంలోకీ కిడ్నీ మహమ్మారి. పేజీలో నాలుగు కాలమ్‌లు ఖాళీ పెట్టిస్తున్నాను. ఫోటో తప్పకుండా ఉండాలి, వాచిన కాళ్లు కనపడాలి."

చమఖండి సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. ఇళ్లలో తెలుగు, బజార్లో ఒడియా. ముగ్గురినీ చూశాను. మొదటి ముసలాయనది బోదకాలు. ఒక్క కాలే, ఎన్నో ఏళ్లుగా ఉంది. ఊళ్లో ఎవరూ దాన్ని కొత్త జబ్బు అనుకోవడం లేదు. రెండో ఆయనకు నిజంగానే కిడ్నీ జబ్బు, వైద్యం జరుగుతోంది. మూడో మనిషి రాజేశ్వరి. ఇరవై దాటిన పిల్ల. ఒళ్లో నెలల పాప.

రాజేశ్వరి కన్నవారిది ఉద్దానం వైపు ఊరు. ఇక చెప్పేదేముంది, ఊరంతా అప్పటికే తీర్పు ఇచ్చేసింది. ఛత్రపురంలో రక్తం చూసిన కుర్రాడు కిడ్నీ లెక్క కొంచెం ఎక్కువుందని అన్నాడట. భర్త తాతారావు కేరళలో బోటు మీద ఉన్నాడు. అత్త చిన్నమ్మి వాకిట్లో వల బాగుచేస్తూ నాకు జవాబులు చెప్పింది. కోడలు గుమ్మంలో గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది.

"రేపు కన్నోరింటికి పంపేత్తన్నాం బాబూ. ఆడు కూడా పంపీమన్నాడు. ఆల నీల్లు తాగి తెచ్చుకున్న జబ్బు, ఆలే సూసుకోవాల. మా ఇంట్లో ఈ జబ్బు ఏడు తరాల్లో నేదు."

"మందులేమైనా ఇస్తున్నారా?"

"కిడ్నీకి మందేటుంటాది? నీల్లు తగ్గించినాను. బాలింతకి ఎలాగూ నీల్లు ఎక్కువియ్యకూడదు. పత్యం మాత్రం లోటు సెయ్యనేదు. పాలు పడాలని రెండు పూట్లా ఎండు సొరసేప పెడతన్నాను. అడగండి దాన్ని."

రాజేశ్వరి తల ఊపింది. జోగారావు గారి ప్రశ్నే ఆమెను అడిగాను. మొన్న చేసిన ఏ పని ఇప్పుడు చెయ్యలేకపోతున్నావమ్మా అని.

ఆమె కొంచెం ఆలోచించింది. "పడుకోనేకపోతన్నాను బాబూ" అంది.

"నిద్ర పట్టదా?"

"నిద్దరొత్తాది. ఒరిగితే ఊపిరందదు. కూకుంటే అందుద్ది. కూకునే పడుకుంటన్నాను. పాపని ఎత్తుకుని బోరింగు కాడికి ఎల్తే మద్దెలో ఒకపాలి ఆగాల."

"బద్దకం అనుకున్నాను నాను" అంది చిన్నమ్మి వల మీద నుంచి చూపు ఎత్తకుండా.

నేను డాక్టరును కాను. కానీ ఆ మాటలు ఎక్కడో విన్నవే. పాణిగ్రాహి గారికి ఫోన్ చేసి ఆమె చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పాను. కాన్పు ఎప్పుడైందని అడిగారు. చెప్పాను. ఆయన ఒడియాలో ఏదో అనుకుని, "ఇవాళే తీసుకురమ్మనండి. రేపు కాదు" అన్నారు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒకటి అడుగుతారు. విలేకరి చూసి రాయాలా, చేయి పెట్టాలా అని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేయి పెడితే ఆ వార్త రాసే హక్కు కొంత పోతుంది. అది తెలిసే పెట్టాలి. ఫోన్ స్పీకరు ఆన్ చేసి చిన్నమ్మి ముందు పెట్టాను.

"డయాలసీస్ ఎక్కించేత్తారేటి బాబూ?" అని అడిగిందామె.

"రక్తం తీసి చూస్తాం మావుసీ" అన్నారు డాక్టరు. మావుసీ అంటే ఒడియాలో పిన్ని. పెద్ద వయసు ఆడవాళ్లందరూ ఆయనకు మావుసీలే, భాష ఏదైనా. "ఏం జబ్బో రాసి ఇస్తాం. ఆ తర్వాత కన్నవారింటికి పంపుతారో ఇంట్లో పెట్టుకుంటారో మీ ఇష్టం."

ఆ మాట ఆమెకు నచ్చింది. వల కింద పెట్టి లేచింది. "రాసిత్తారా? అయితే ఎల్దాం. ఆల అమ్మకి సూపించాల కదా. నేకపోతే పిల్లని మావే పాడుసేసీసినామంటాది. అది నోరు కాదు బాబూ, సముద్రం."

కోడలి జబ్బు కన్నవారిదేనని సాక్ష్యం కోసం ఆమె ఆటో ఎక్కింది. కారణం ఏదైనా ఎక్కింది.

గుండె చెప్పినా కిడ్నీ వినలేదు

సాయంత్రానికి రక్తపరీక్ష వచ్చింది. బి.ఎన్.పి. బాగా ఎక్కువగా ఉంది. గుండె స్కాన్‌లో ఎడమవైపు గది పెద్దదై, తోడటం బాగా తగ్గిందని తేలింది. కిడ్నీకి రక్తం సరిగ్గా అందక దాని లెక్క కొంచెం పెరిగింది, అంతే. పైకి కిడ్నీలా కనిపించినదంతా గుండె జబ్బే.

రాజేశ్వరికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, నీరు తీసే ఇంజెక్షన్ ఇచ్చారు. డాక్టరు బయటికొచ్చి చిన్నమ్మికి చెప్పడం మొదలుపెట్టారు. కాన్పు ముందూ వెనకా కొందరు తల్లులకు గుండె కండరం ఇలా బలహీనపడుతుందని, ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదని, వెంటనే మందు పడకపోతే ప్రాణానికే ముప్పని అన్నారు. హార్మోన్ సంగతి కూడా నాకు చెప్పినట్టే చెప్పారు. గుండె బరువు మొయ్యలేక కిడ్నీకి కబురు పెడుతుంది, ఉప్పూ నీరూ బయటికి తొయ్యమని.

చిన్నమ్మి శ్రద్ధగా విన్నది. "కబురెడితే మరి కిడ్నీ ఇనాల కదా. ఇననేదేటి?"

"గుండె కేకలు వేస్తూనే ఉంది. రక్తంలో కనపడుతోంది కదా. కానీ తోడే బలం తగ్గితే కిడ్నీకి అందేదే తక్కువ. పైగా కాన్పయ్యాక ఏం తింటోందన్నారు?"

"ఎండు సొర."

"ఉప్పు వేసి ఎండబెట్టిందే కదా?"

"ఉప్పెయ్యకపోతే పురుగడిపోద్ది."

"ఒక పక్క నుంచి ఉప్పు తోసెయ్యమని గుండె చెబుతుంటే, ఇంకో పక్క నుంచి మీరు బస్తాలతో పంపుతున్నారు మావుసీ."

చిన్నమ్మి మెల్లగా అడిగింది. "అయితే నా సొరే తెచ్చిందా ఈ జబ్బు?"

డాక్టరు తల అడ్డంగా ఊపారు. "కాదు. జబ్బు దానంతట అది వచ్చింది. సొర వాపు పెంచింది. ఇకనుంచి మానెయ్యండి, చాలు. తప్పు మీదీ కాదు, వాళ్ల ఊరి నీళ్లదీ కాదు."

"ఆల నీల్లదీ కాదా?"

"కాదు."

అది ఆమెకు మొదటి దానికంటే కష్టంగా తగిలినట్టు కనిపించింది. ఎవరిదీ కాని జబ్బును ఏం చేసుకోవాలో మనలో చాలామందికి తెలియదు.

నేను పక్కకు వెళ్లి డెస్కుకు ఫోన్ చేశాను.

"కిడ్నీ కాదంటారేటండీ ఇప్పుడు?" అన్నారు జోగారావు గారు.

"ఒకాయనకు ఉంది. ఇంకొకాయనకు బోదకాలు. అమ్మాయికి గుండె."

"గుండె అన్ని ఊళ్లలోనూ ఉంటాదండీ. కిడ్నీ అయితే వార్త." నిట్టూర్పు. "ఆ ఒకాయన్ని పెట్టి రాయలేమా? ఆనవాళ్లు అందాం. మహమ్మారి ఆనవాళ్లు."

"రాస్తే చమఖండి పిల్లలకు కూడా సంబంధాలు ఆగిపోతాయి."

"పోనీ హార్మోన్ అన్నారు కదా. గుండెకు హార్మోన్ వైద్యం. కొత్తగా ఉంటాది."

వైద్యం కాదు, పరీక్ష అన్నాను. ఆ హార్మోన్ త్వరగా విరిగిపోకుండా ఆపే మాత్రలు ఉన్న మాట నిజమేనని, అవి అందరికీ కావని, పాలిచ్చే తల్లికి ఇప్పుడు ఇవ్వనని డాక్టరు చెప్పారని వివరించాను. మధ్యలోనే ఆయన, "సరే, వదిలేయండి" అన్నారు. ఆ నాలుగు కాలమ్‌లలో మర్నాడు బరంపురం మురుగు కాలువల ఫోటో వచ్చింది.

జోగారావు గారి మీద నాకు కోపం లేదు. ఉన్నది రాయడానికి పేపర్లో చోటుంటుంది. లేదని రాయడానికి చోటుండదు. ఆ నియమం ఆయన పెట్టింది కాదు. కానీ ఒక మాట. లేని జబ్బు ఊరి మీద పడకుండా ఆపిన రోజు మీ పేరుతో ఒక్క అక్షరం కూడా అచ్చుకాదు. ఆ రోజు పనిచేయలేదని అనుకోకండి.

వారం తర్వాత రాజేశ్వరి అనుమతి తీసుకుని, పేరు లేకుండా ఒక చిన్న వార్త పంపాను. కాన్పు తర్వాత ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, కాళ్ల వాపు కలిసి వస్తే గుండె కూడా చూపించుకోవాలని. సింగిల్ కాలమ్. జోగారావు గారు ఒక్క అక్షరం ముట్టుకోకుండా వేశారు.

మళ్లీ వెళ్లి చూడటం

మన వృత్తిలో ఎక్కువమంది చెయ్యని పని ఇది. వార్త అయిపోయాక ఆ మనిషికి ఏమైందో చూడటం. దానికి ఎవరూ జీతం ఇవ్వరు. అయినా చెయ్యండి. మీరు రాసింది సరైనదో కాదో తెలిసేది అక్కడే.

కొన్ని నెలల తర్వాత రాజేశ్వరి పరీక్షకు వస్తోందని డాక్టరు చెబితే వెళ్లాను. వాపు లేదు. మొహంలో కళ వచ్చింది. పాప ఆమె ఒళ్లో నిలబడి డాక్టరు బల్ల మీది పెన్ను కోసం చేయి చాపుతోంది. హార్మోన్ లెక్క బాగా దిగింది. గుండె చాలావరకు కోలుకుంది, పూర్తిగా కాదు. మందులు ఆపకూడదన్నారు. చివర్లో డాక్టరు పెన్ను పాప చేతికిచ్చి, చిన్నమ్మి వైపు చూసి అన్నారు.

"మావుసీ, ఇంకో సంగతి. మళ్లీ కాన్పు ఈ గుండె తట్టుకోలేకపోవచ్చు. ఇంకో బిడ్డ వద్దు. మీ అబ్బాయికి కూడా నేను చెబుతాను, ఫోన్ నంబరు ఇవ్వండి."

రాజేశ్వరి తన అత్త మొహం వైపు చూసింది. డాక్టరు చెప్పిన మాటకు కాదు, అత్త చెప్పబోయే మాటకు ఆమె భయపడుతోందని నాకు అర్థమైంది. పుట్టింది ఆడపిల్ల ఒక్కతే. చిన్నమ్మికి కొడుకు ఒక్కడే. జబ్బు కన్నవారిది కాదని తేలినంత మాత్రాన ఈ ఇంట్లో ఆమె చోటు గట్టిపడినట్టు కాదు. ఈ కారణంగా కూడా పంపించెయ్యొచ్చు.

చిన్నమ్మి నంబరు ఇవ్వలేదు. కోడలిని తీసుకుని వరండాలోకి వచ్చింది. కొంగు ముడి నుంచి ఫోన్ తీసి తనే కొడుక్కి చేసింది. ఆమె ఫోన్లో మాట్లాడితే వార్డంతా వింటుంది.

"ఒరే తాతారావూ, ఇనుకో. డాక్టరు బాబు ఇంకో బిడ్డ ఒద్దన్నాడు. నాను కూడా ఒద్దంటన్నాను... ఏటి, మగపిల్లడా? ఉన్న పిల్లకి ఏటి తక్కువరా, పెన్ను లాగేసుకుంది డాక్టరు కాడ. ఊల్లో ఎవుడైనా మాటెత్తితే నాతో మాటాడమను. నువ్వు ఎత్తినా అంతే."

ఫోన్ పెట్టేసి, నా వైపు ఒకసారి చూసి, "ఇది కూడా రాసేత్తావేటి బాబూ?" అంది.

పేపర్లో రాయనన్నాను. రాజేశ్వరి అప్పటికే మొహం అటు తిప్పుకుని, పాప చేతిలోంచి పెన్ను మెల్లగా విడిపిస్తోంది.